మల్లమ్మగారి పరిచయ సంతకం

మొన్న సోమవారం పొద్దున, కొత్తగా ఉద్యోగంలో చేరబోతున్న మా మనవరాలు బ్యాంకులో ఖాతా తెరవాలి అనగానే, ఎవరూ అడక్కుండానే నేను స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, జేబులో పెన్ను పెట్టుకుని, అది రాస్తుందో లేదో ఓసారి అరచేతి మీద గీసి చూసుకుని, మోతీనగర్‌లోని మా ఫ్లాటు హాల్లో చెప్పుల దగ్గరి కుర్చీలో తయారుగా కూర్చున్నాను. పిల్ల సోఫాలోంచి లేవనే లేదు. ఫోను మొహానికి ఎదురుగా పట్టుకుని, రెండుసార్లు కళ్లు ఆర్పి, తల ఒకసారి కుడికీ ఒకసారి ఎడమకీ తిప్పి, అయిపోయింది తాతయ్యా అంది. మా ఆవిడ ఇచ్చిన కాఫీ ఇంకా చల్లారలేదు. తొడుక్కున్న చొక్కా మళ్లీ విప్పడమెందుకులే అని అలాగే కూర్చుంటే, ముప్పై మూడేళ్ల కిందటి కృష్ణానగర్ సందు ఒకటి, దాని ఎగుడు దిగుడు బండలతో సహా గుర్తుకొచ్చింది.

మన వయసువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజుల్లో బ్యాంకులో ఖాతా కావాలంటే డబ్బుంటే చాలదు, అదే బ్యాంకులో ఖాతా ఉన్న మరో మనిషి వచ్చి, ఈయన నాకు తెలుసు అని ఫారం మీద సంతకం పెట్టాలి. పరిచయ సంతకం అనేవారు. సొంత ఊళ్లో ఉన్నవాళ్లకి అదేమంత పని కాదు, ఏ మేనమామో, ఎదురింటి మాస్టారో పెట్టేసేవారు. చిక్కంతా కొత్తగా దిగినవాడికే.

నేను సినిమాలకు బట్టలు కుట్టేవాణ్ణి. తెనాలి పక్కనుంచి పద్దెనిమిదో ఏట మద్రాసు వెళ్లి, కోడంబాకంలో ఒక మాస్టారి దగ్గర కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి, మిషను దాకా ఎదిగాను. తొంభైల్లో తెలుగు సినిమా మొత్తం హైదరాబాదుకి తరలిపోతుంటే మా మాస్టారు కత్తెర సర్దుకున్నారు, ఆయన వెనకాలే నేనూ వచ్చాను. మద్రాసులో ఉన్నన్నాళ్లూ పరాయి దేశంలో ఉన్నాననుకునేవాణ్ణి, ఎప్పటికైనా మన భాష వినపడే చోటికి పోవాలని కలలు కనేవాణ్ణి. తీరా వస్తే ఇక్కడ అద్దెను కిరాయి అన్నారు, కుళాయిని నల్లా అన్నారు, కూరగాయల బండాయన చెప్పిన ధర రెండోసారి అడిగితే తప్ప నాకు బోధపడేది కాదు. అదీ పెద్ద బాధ కాదు, నెల తిరిగేసరికి అలవాటైపోయింది. అసలు బాధ వేరే. మద్రాసులో ఆ భాష చదవడం రాకపోయినా, వీధి చివర టీకొట్టు దాకా నన్నెరగనివాడు లేడు. ఇక్కడ భాష నాదే, నన్నెరిగినవాడే లేడు.

మద్రాసులో మా కూలి వారం వారం కవర్లో పెట్టి చేతికిచ్చేవారు. ఫిల్మ్‌నగర్‌లో కొత్తగా ఆఫీసు తెరిచిన మా నిర్మాతగారు పద్ధతి గల మనిషి కావడంతో, సినిమా పూర్తయ్యాక నా పని డబ్బంతా ఒకే చెక్కుగా, మూలన రెండు గీతలు గీసి మరీ ఇచ్చారు. ఖాతాలో వేస్తే తప్ప ఆ కాగితం దేనికీ పనికిరాదని, అది చేతికొచ్చిన సంబరంలో నాకు తట్టలేదు. మా ఆవిడా, ఏడేళ్ల పాపా ఇంకా మద్రాసులోనే ఉన్నారు. జూన్‌లో బళ్లు తెరిచేలోగా అక్కడి ఇల్లు ఖాళీ చేయించి, సామాను లారీ ఎక్కించి, పాపను ఇక్కడ బడిలో వేయాలి. ఆ చెక్కు మారితేనే అవన్నీ, లేకపోతే ఇంకో ఏడాది ఉత్తరాల్లోనే కాపురం. అప్పటికే ఏప్రిల్ నెల సగం గడిచింది. పాపకి బడిలో అరవ అక్షరాలే నేర్పారు కాబట్టి, నాన్నా ఎప్పుడొస్తావు అనే తెలుగు మాటల్ని ఆ అక్షరాల్లోనే రాసి పంపేది. అవి నాకు చదవడం రాదు. మా యూనిట్ అరవ వంటాయన చదివి వినిపించేవాడు, నా కూతురి మాటలు వేరే మనిషి నోట వినాల్సి వచ్చేది.

ఫారంతో పాటు ఫొటో కావాలన్నారు. మా యూనిట్‌లో స్టిల్స్ తీసే ఫొటోగ్రాఫరు, డబ్బెందుకు దండగ, నేను తీస్తా కదా అన్నాడు. ఆయన జన్మలో హీరోలనూ హీరోయిన్లనూ తప్ప మరొకరిని తీసి ఎరగడు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తించి, మొహం పక్కకు తిప్పించి, వెనకనుంచి ఒక లైటు వేసి, ఎక్కడో మబ్బును చూస్తున్నట్టు చూడమన్నాడు. అది చాలదన్నట్టు పెన్సిలుతో నా చెంప మీది పుట్టుమచ్చా, కళ్ల కింది గుంటలూ మాయం చేసేశాడు. నాకు మాత్రం తెగ నచ్చింది, ఒక కాపీ మా ఆవిడకి పోస్టు చేశాను కూడా. బ్యాంకులో గుమస్తాగారు ఆ ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూసి, "ఈయన రాలేదాండీ?" అని అడిగారు. రెండు చెవులూ కనపడేది తెమ్మన్నారు. అమీర్‌పేటలో ఒక మామూలు స్టూడియోకి వెళ్లి ఇంకోటి తీయించుకున్నాను. అందులో జేబుదొంగలా ఉన్నాను. అది చూసి ఆయన తృప్తిగా తలాడించి, ఇక పరిచయ సంతకం ఒక్కటే తక్కువన్నారు.

ఆ ఒక్కటే దొరకలేదు. మా మాస్టారికీ, ఆయనతో వచ్చినవాళ్లకీ ఖాతాలన్నీ మద్రాసులోనే ఉండిపోయాయి. నా చుట్టూ గదుల్లో ఉండే జూనియర్ ఆర్టిస్టులూ, డాన్సర్లూ ఏ రోజు కూలి ఆ రోజు తెచ్చుకునేవాళ్లు, వాళ్లకి బ్యాంకుతో పనే లేదు. ఒక మేకప్‌మాన్‌కి అక్కడే ఖాతా ఉంది గానీ ఆయన ఔట్‌డోర్ షూటింగుకి వెళ్లాడు. నిర్మాతగారి మేనేజరు రోజూ రేపు అనేవాడు. ఆయన్ని అనడానికీ లేదు, సినిమావాడికి పూచీ పడితే ఏ పుట్టి మునుగుతుందోనని ఎవరి భయం వారిది. పది రోజులు తిరిగాను. కొలతలు తీసి తీసి, ఆ ఇండస్ట్రీలో సగంమంది ఛాతీ ఎంతో, నడుమెంతో టేపు లేకుండా చెప్పగలను. నేనెవరో తనకు తెలుసునని రాసిచ్చే మనిషి మాత్రం ఒక్కడు లేడు. ఏం దాచుకోను, పదో రోజు గదికొచ్చి, మిషను మీద తల ఆనించుకుని ఏడ్చాను.

కృష్ణానగర్‌లో మా ఇంటి ఓనరు మల్లమ్మగారు. అరవై దాటిన మనిషి. ఆవిడ భర్త ఆ పక్కనున్న కొండల్లోనే రాళ్లు కొట్టి, ఆ రాళ్లతోనే వరసగా ఐదు గదులు కట్టి, కిరాయిలు కళ్లజూసే అదృష్టం లేకుండా పోయారట. నన్ను మద్రాసాయన అని పిలిచేది. నేను మల్లమ్మగారూ అంటే, ఆ గారు ఎక్కడినుంచి వచ్చిందిరా నాకు అని పడీ పడీ నవ్వేది. నా మొహం చూసి సంగతేమిటని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాను. "గింత దానికేనా? నాకుంది గదా గా బ్యాంకుల ఖాతా. నడువు," అంది.

మర్నాడు ఉతికిన చీర కట్టుకుని నాతో వచ్చింది. గుమస్తాగారు ఆవిడ ఖాతా తీసి చూసి, ఇది వేలిముద్ర ఖాతా, వేలిముద్రవాళ్లు మరొకరికి పరిచయం ఇవ్వడానికి లేదన్నారు. ఆ రూలు నిజంగా ఉందో, ఆయనగారు ఆ పూటకి కుట్టుకున్నదో నాకు ఈనాటికీ తెలియదు. మల్లమ్మగారి మొహం కందగడ్డయింది. "పైసలు దాసుకునేటప్పుడు నా ఏలు పనికొచ్చింది. మనిషి నాకెరికే అని చెప్పనీకి పనికిరాదా?" అని అడిగింది. హాల్లో ఉన్నవాళ్లంతా తలలెత్తి చూశారు. పోనివ్వండి, ఇంకేదో దారి చూసుకుంటాను అని నేను సర్దిచెబుతున్నా వినకుండా, దారి పొడుగునా నాకంటే ముందే నడిచింది. ఇంటి గుమ్మంలో ఆగి, నాకు సంతకం నేర్పు అంది.

నా దగ్గర పలక లేదు. నల్ల లైనింగ్ గుడ్డ ముక్క ఉంది, బట్ట మీద కొలతలు గీసుకునే సుద్ద ఉంది. రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు పట్టుకోవడం అయ్యాక, వాకిట్లో బండ మీద కూర్చుని దిద్దించేవాణ్ణి. ఉన్నవి మూడక్షరాలే, ముందూ వెనకా మ నే కదా అని మొదట సంబరపడింది గానీ, చివరి మ కింద వత్తు ఎలాగో కుదిరినా, నడిమి ల కింద వత్తు దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ చెయ్యి ఆగిపోయేది. రాళ్లు మోసిన వేళ్లేమో, పట్టుకుంటే సుద్ద పుటుక్కున విరిగేది. నాకేమో రోజులు గడిచిపోతున్నాయి, మే నెల వచ్చేసింది. ఒక పొద్దున ఉండబట్టలేక, ఇంత చిన్న వత్తు రావడం లేదా అని విసుక్కున్నాను. ఎవరి పనికి ఎవరు విసుక్కుంటున్నారో ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఆవిడ సుద్ద ముక్క ఏరుకుని మళ్లీ రాసింది. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గేస్తుంది. ఆ సాయంత్రమే, పొద్దున రాసింది మాపటికి రాలిపోతోందని ఆవిడ అంటే, ఆ సుద్ద గీతల మీదనే తెల్ల దారంతో మిషను కుట్టు వేసిచ్చాను. అప్పటినుంచి పొయ్యి మీద పప్పు ఉడికినంతసేపూ ఆ దారం మీద వేలు నడిపిస్తూ కూర్చునేది. కోడలు చూసి ముసిముసిగా నవ్వినా పట్టించుకునేది కాదు.

చివరికి ఒక రోజు తనే, ఇయ్యాల పోదాం పా అంది. బ్యాంకు మేనేజరుగారి గదిలో కూర్చోమన్నా కూర్చోలేదు. నిలబడి, బల్ల మీదున్న నా ఫారం మీదికి వంగి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, ఒక్కో అక్షరం దింపింది. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నా చొక్కా వీపంతా తడిసింది. ల వత్తు కిందికి జారి పక్క గడిలో పడింది గానీ, పేరు మాత్రం పేరే. మేనేజరుగారు తన ఎదుటే రాయించుకున్న ఆ సంతకాన్ని చూసి, ఈయన మంచివాడని నీకెలా తెలుసమ్మా అని అడిగారు. నా పనితనం గురించి చెబుతుందో, కిరాయి వేళకిస్తానని చెబుతుందో అనుకున్నాను.

"నల్లా వచ్చినప్పుడు తన బిందె ముందుగాల ఉన్నా, జరిపి నా బిందె పెడతడు. ఇగ ఇంతకన్న ఏం తెల్వాలె సారు?"

నేనలా చేసేవాణ్ణని నాకే తెలియదు. మేనేజరుగారు ఆవిడ ఖాతాకి వేలిముద్ర బదులు ఆ సంతకాన్నే ఎక్కించమని గుమస్తాగారికి చెప్పి, నా ఫారం మీద ముద్ర వేశారు.

జూన్ మొదటి వారంలో మా ఆవిడా, పాపా రైలు దిగారు. బడిలో తెలుగు అక్షరాలు రావని వెనక బెంచీలో కూర్చోబెడితే పాప ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. మల్లమ్మగారు లోపలికెళ్లి తన నల్ల గుడ్డ తెచ్చి, పాప వేలు పట్టుకుని ఆ దారం మీద నడిపించింది. ఆవిడకి వచ్చినవే ఆ మూడు, మూడూ నేర్పింది. పిల్లలందరికీ అ తో మొదలైతే మా అమ్మాయికి చదువు మ తో మొదలైంది.

తర్వాత మేం మోతీనగర్‌కి మారాం. మల్లమ్మగారు పోయినప్పుడు వెళితే, ఆవిడ కోడలు పెట్టెలోంచి ఆ గుడ్డ తీసి, ఇది మీరు కుట్టిందేనంట గదా అని నా చేతిలో పెట్టి ఏడ్చింది. అంచులు చిరిగిపోయినా కుట్టు చెక్కుచెదరలేదు. ఇప్పుడా ఐదు గదుల చోట నాలుగంతస్తుల హాస్టలు లేచింది. నేనూ నా ఖాతా పుణ్యమాని, ఊరికి కొత్తగా వచ్చిన డాన్సర్లకీ, లైట్‌మాన్‌లకీ, ఒక దర్శకుడికి కూడా పరిచయ సంతకం పెట్టాను. అందులో ఒకాయన చెల్లని చెక్కులిచ్చి మాయమైతే, నన్ను బ్యాంకుకి పిలిపించి చీవాట్లు పెట్టారు. అయినా మానలేదు, జేబులో పెన్ను పెట్టుకునే అలవాటు అప్పటిదే.

ఇప్పటి పద్ధతిని తప్పు పట్టను. పది రోజులు తిరిగి మిషను మీద పడి ఏడవక్కర్లేదు, ఒక ముసలావిడ వేలు పనికిరాదని నలుగురిలో అనిపించుకోవక్కర్లేదు. మంచిదే. కానీ మొన్న ఆ ఫోను మా మనవరాలిని పుట్టిన తేదీ అడిగింది, తల్లి పేరు అడిగింది, కళ్లు ఆర్పమంది, తల తిప్పమంది. నువ్వు ఎవరికి తెలుసు అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే చెప్పడానికి చొక్కా తొడుక్కుని ఎదురుగానే కూర్చున్నాను, పెన్ను కూడా జేబులోనే ఉంది.