నా సీసాలు, ఆయన పేరు

నన్ను అవమానించినవాళ్లను మరిచిపోయే గుణం నాకు పుట్టుకతో రాలేదు. తెచ్చుకోవాలని ప్రయత్నించనూ లేదు. వాళ్లందరిలో ముందు వరుసలో ఉండేవాడు హైదరాబాదులోని మా ప్రొఫెసర్.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు నేను మంచిర్యాల ఆస్పత్రిలో డాక్టరుగా ఉన్నాను. పొద్దున వార్డు, మధ్యాహ్నం కాలేయం మీద నా చదువు. పసిరికలతో కళ్లు పచ్చబడ్డవాళ్లు, పొట్టలో నీరు చేరినవాళ్లు అటు గోదావరి నుంచి ఇటు సుల్తానాబాద్ దాకా వస్తూనే ఉండేవారు. కాలేయం ఎందుకు గట్టిపడుతోందో తెలుసుకోవాలనిపించింది. కొలువు వదలకుండానే పరిశోధన చేసుకోవడానికి అనుమతి దొరికితే, ఆ ప్రొఫెసర్ కింద చేరాను. పట్టా వస్తే కాలేజీలో చోటు దొరుకుతుంది, వార్డూ పరిశోధనా రెండూ ఒకే చోట సాగుతాయన్నది నా ఆశ.

రోగి ఒప్పుకుంటే పక్కటెముకల మధ్య సూది దించి, కాలేయంలోంచి దారప్పోగంత ముక్క తీసి ఫార్మలిన్ సీసాలో వేయాలి. ఒప్పించడమే కష్టం.

"గంత సూదా! కార్జం తీస్తె మనిషి బతుకుతడా సారూ?" అంటూ ఒక రైతు మంచం దిగి గేటు దాకా పోయాడు. నేను వెంటపడి, చాయ్ తాగించి, బతిమాలి వెనక్కి తెచ్చాను. ఊళ్లో ఫోటోలు తీసే ఆయన్ని పిలిపించి ప్రతి రోగి పొట్టకూ ఫోటో తీయించాను. సీసాలను గుడ్డల్లో చుట్టి, టిఫిన్ గిన్నెలో సర్దుకుని రైలెక్కేవాణ్ణి.

"ఏం కూర డాక్టర్ సాబ్, గింత ఘాటు కొడుతున్నది?" అని పెట్టెలో ఎవరో ఒకరు అడిగేవారు.

"నువ్వు తినేది కాదు తీయ్" అనేవాణ్ణి.

ప్రొఫెసర్ నన్ను ఏనాడూ కూర్చోమనలేదు. మొదటిసారి వెళ్లినప్పుడు "పసిరికల కేసులు సార్" అన్నాను.

"పసిరికలేమిటయ్యా, పచ్చడా? కామెర్లు అను. నోరు తిరగదా?" అన్నాడు. పక్కనున్న ఇద్దరు శిష్యులు నవ్వారు. గదిలో కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

అలా మూడేళ్లు నడిచాక, వైద్యుల మహాసభలో మా ప్రాంతపు కాలేయ రోగాల మీద ఆయన ప్రసంగిస్తున్నాడని తెలిసింది. రోగులు నావాళ్లు, ముక్కలు నేను తీసినవి, ఫోటోలు నేను తీయించినవి. వెళ్లి అడిగాను.

"సార్, గా ప్రసంగంల నా పేరు యాడ ఉంటది?"

"నీ పేరెందుకయ్యా? మోసుకొచ్చిన పోస్టుమాన్ పేరు ఉత్తరం మీద వేస్తారా?"

ఆయన తీరిగ్గా నా ఫోటోలను బల్ల మీద పరిచాడు. ప్రతి పొట్ట మీదా, కుడి పక్కటెముకల కింద, శనగగింజంత గుండ్రటి మచ్చలున్నాయి.

"ఈ మచ్చలు అందరికీ ఉన్నాయా?"

"దాదాపు అందరికి ఉన్నయ్ సార్."

"కామెర్లకు ముందు?"

"లేకుండె సార్."

ఆయన ముఖం వెలిగింది. "ఇంతకాలం దీన్నెవరూ పట్టించుకోలేదే!" అని తనలో తను అనుకున్నాడు.

ఆ మచ్చలను ఆయన రోగలక్షణం అనుకుంటున్నాడని అప్పుడు నాకు అర్థమైంది. మా వైపు పసిరికలొస్తే ఆస్పత్రికి రాకముందే పసుపు కొమ్మును నిప్పుల్లో కాల్చి, కాలేయం ఉన్న చోట చురకలు పెడతారు. డాక్టర్లు తిడతారని ఆ సంగతి దాచిపెట్టి "దానంతటదే లేసింది సారూ" అంటారు. ప్రొఫెసర్ కృష్ణా ఒడ్డున పెద్ద ఇంట్లో పుట్టినవాడు. ఆయనకు తెలిసిన నాటువైద్యం పసరు మింగించడమే. "ఇవేమిటి?" అని ఒక్క ముక్క అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. మా మాటనే వెక్కిరించినవాడు మావాళ్ల సంగతి నన్నెందుకు అడుగుతాడు? నేనూ చెప్పలేదు. తిరుగు రైల్లో హాయిగా నిద్రపట్టింది.

మహాసభకు సెలవు పెట్టి మరీ వెళ్లాను. తెర మీద నా ఫోటోలు. ఆయన కర్రతో మచ్చలను చూపిస్తూ, ఇది కాలేయవ్యాధికి చర్మం మీద కనిపించే కొత్త గుర్తు అన్నాడు. లోపలి రక్తనాళాలు దెబ్బతింటే పుడుతుందని వివరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ప్రశ్నలుంటే అడగమన్నాక లేచాను.

"జబ్బు తగ్గినంక గూడ గీ గుర్తు ఉంటదా సార్?"

"కొందరిలో జీవితాంతం ఉండవచ్చు."

"ఉంటది సార్" అని చొక్కా పైకెత్తాను. "నాకు చిన్నప్పుడు పసిరికలైతే మా అవ్వ పెట్టింది. పసుపు కొమ్ముతోని. మా ఊరు చొప్పదండిల ఎవల్నడిగినా చెప్తరు."

మొదట నవ్వింది నిజాం కాలపు ముసలి డాక్టరు. "అరె భాయ్, మా వంటామెకు గూడ ఉన్నది కొత్త గుర్తు! ఆమెను గూడ పిలువాల్నా?" అన్నాడు. ఇక హాలు ఆగలేదు. ఆ ఇద్దరు శిష్యులూ నవ్వారు. అది నాకు మరింత బాగుంది.

వరండాలో ప్రొఫెసర్ నన్ను పట్టుకున్నాడు. "ముందే చెప్పొచ్చు కదయ్యా!"

"పోస్టుమాన్ ఉత్తరం సదువడు సార్."

నా థీసిస్ మీద ఆయన సంతకం పెట్టలేదు. పట్టా రాలేదు, కాలేజీలో చోటూ రాలేదు. కొన్నాళ్లకు ఆదిలాబాదుకు బదిలీ అయింది. ఆయనే చేయించాడని నా నమ్మకం. రుజువు లేదు, నాకు అక్కర్లేదు.

"పోయి ఒక్క మాట మాఫీ అడుగుండ్రి, ఏం పోతది?" అంది మా ఆవిడ.

"పేరు పోయింది. ఇంకేం పోవాలె?" అన్నాను.

బదిలీకి ముందు వెళ్లి, నా ముక్కలను మైక్రోస్కోపులో చూడటానికి అతికించిన గాజుపలకలు ఇవ్వమన్నాను. ఇవ్వనన్నాడు. ఆయన ప్రయోగశాల బయట బెంచీ మీద కూర్చున్నాను. మర్నాడూ కూర్చున్నాను. "ఎవరాయన?" అని విద్యార్థులు అడగడం, "కొత్త గుర్తు ఆయన" అని ఇంకొకరు చెప్పడం, కిసుక్కుమనడం లోపలికి వినబడుతూనే ఉంది. చివరికి పలకల పెట్టె దానంతటదే బయటికి వచ్చింది.

ఆదిలాబాదు ఆస్పత్రిలో సరైన మైక్రోస్కోపు లేదు. పశువుల డాక్టరు మధ్యాహ్నాలు తనది వాడుకోనిచ్చాడు. కిటికీ బయట ఎద్దులు రంకెలేస్తుంటే నేను పలకలు చూసేవాణ్ణి. "మీ మనుషుల కార్జం కంటె మా గొర్రెలదే సాఫుంటది డాక్టర్ సాబ్" అనేవాడాయన. పొద్దున వార్డు, మధ్యాహ్నం గొడ్ల మధ్య పరిశోధన. అలాగే పూర్తిచేసి పంపిన వ్యాసం ఒక చిన్న వైద్య పత్రికలో నా ఒక్కడి పేరుతో అచ్చయింది.

చివర కృతజ్ఞతలు చెప్పే చోట పశువుల డాక్టరు పేరు వేశాను, ఫోటోలు తీసిన ఆయన పేరు వేశాను. ఆ ముక్కలను పలచగా కోయించింది, రంగులద్దించింది ప్రొఫెసర్ ప్రయోగశాలే. వాటిని చదవడం నాకు నేర్పిందీ ఆయనే. నిలబెట్టి నేర్పినా, నేర్పాడు. ఆయన పేరు మాత్రం ఎక్కడా వేయలేదు. ఆ సంగతి ఆయన కళ్లారా చూసుకోవాలని పత్రిక ఒకటి రిజిస్టర్ పోస్టులో పంపాను.