కార్తీకంలో అమ్మ దొంగదూరం

మొన్న ముసురుకు మా బాల్కనీలో కట్టిపెట్టిన పాత పేపర్లు తడిసి ముద్దయ్యాయి. ఎత్తి పారేద్దామని వంగితే తడికాగితం వాసన గుప్పున ముక్కుకు కొట్టింది. ఆ కట్టను అట్నే ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయాను. మా కోడలు చూసి, "ఏందత్తా, పాత పేపర్లు చదువుతుండావా?" అని నవ్వింది. లేదు తల్లీ, పదేళ్లప్పుడు నేను చేసిన ఘనకార్యం గుర్తొచ్చింది అని చెప్పాలనిపించింది గానీ, డెబ్బై దాటినాక ఏం చెప్పబోయినా ముసలిది కత మొదలుపెట్టింది అంటారు.

కొడవలూరు నుంచి తూర్పుగా పోతే, ఉప్పుకాలవకు ఇవతల మా ఊరు. అరవైల మొదట్లో అక్కడ కరెంటు లేదు, బస్సు లేదు, వానలు మొదలైతే నడిచే దారి కూడా ఉండేది కాదు. శరదృతువంటే అందరికీ వెన్నెలా తెల్లమబ్బులూనేమో, మా నెల్లూరు సీమకు మాత్రం అసలు వానలు అప్పుడే. మొలగొలుకుల వరినాట్లు ముగిసి పొలాలన్నీ నీళ్లతో నిండి, పొద్దస్తమానం కప్పల రొద, కొట్టంలోంచి తడిగడ్డి వాసన, చూరు కింద ఆరీ ఆరని చీరల ముక్కిన వాసన, నాగులచవితికి రోట్లో దంచే నువ్వుల చిమ్మిలి వాసన, అన్నీ కలిసి ఇంట్లోనే తిరుగుతుండేవి. మేం పిల్లలం వసారాలో అచ్చనగండ్లు ఆడుకుంటూ, చిమ్మిలి ఎప్పుడు పెడతారా అని రోటివైపే చూస్తుండేవాళ్లం.

ఆ రోటి దగ్గరా అమ్మే, పొయ్యి దగ్గరా అమ్మే, గొడ్ల దగ్గరా అమ్మే. కోడి కూయకముందే లేచి పేడకళ్లు ఎత్తి, పాలు పితికి, మజ్జిగ చిలికి, కూలోళ్లకు సంగటి గెలికి, మళ్లీ ఇంటిల్లిపాదికీ వండి వార్చేసరికి పొద్దు నెత్తికెక్కేది. ఆమె కూర్చోగా నేను చూసింది నెలకు మూడు రోజులే. ఆ మూడు రోజులూ అమ్మ 'దూరం'. ఇప్పటి పిల్లలకు తెలీదు గనక చెబుతున్నాను, నెలసరి వస్తే ఆడమనిషి ఇంట్లోకి రాకూడదు, దేన్నీ తాకకూడదు. మా పెరట్లో గొడ్ల కొట్టానికి ఆనించి ఒక తాటాకుపాక ఉండేది. అమ్మ అందులో చాప వేసుకుని కూర్చునేది, నేను దూరం నుంచి అన్నం పళ్లెం జరిపేదాన్ని. నాలుగోరోజు తలస్నానం చేసి మళ్లీ పనిలో పడేది.

ఆ పాకలో అమ్మ నవలలు చదివేది. నెల్లూరులో ఉద్యోగం చేసే మా మామ, అంటే అమ్మ తమ్ముడు, దీపావళికి వచ్చినప్పుడు ఆఫీసు లైబ్రరీ నుంచి నాలుగు నవలలు తెచ్చి, కార్తీకం చివర్న వచ్చి తీసుకుపోయేవాడు. మైలలో పుస్తకం ముట్టుకోవచ్చా అని ఎవరో అడిగితే మా అవ్వ, నాయన తల్లి, తీర్పు చెప్పేసింది. "రామాయణం భారతం ముట్టుకోగూడదు గానీ, ఆ కత పుస్తకాలకు ఇంకేం మైల? అవి పుట్టిందే మైల్లో."

నాలుగు పుస్తకాలు, మూడు రోజులు. అమ్మ ఎంత పరిగెత్తి చదివినా రెండు మిగిలిపోయేవి. దానికి ఆమె కనిపెట్టిన ఉపాయం నాకు తెలిసిపోవడమే నా ఖర్మ. నాకు పదేళ్లున్న ఏడాది కార్తీకంలో, సోమవారం దీపాలు పెట్టడం అయిపోయాక, మంగళవారం పొద్దున అమ్మ బియ్యం కాగులో చెయ్యిపెట్టి ఒక పుస్తకం తీసి చీరలో దోపుకుంది. అక్కణ్నుంచే, "అత్తా, నేను దూరం" అని కేకేసింది. పట్టుమని పదిహేను రోజులు కాలేదు ఆమె తలకు పోసుకుని! నేను గుడ్లప్పగించి చూస్తుంటే నా నోరు మూసి, "నీకు దండం పెడతా, ఎవురికీ చెప్పబాక మే. తెలిస్తే మీ అవ్వ పుస్తకాలు పొయ్యిలో పెడతాది" అంది. అమ్మ నాకు దండం పెట్టడమేంది! పైగా నా నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా పేరు.

అవ్వ ఊరుకునే మనిషి కాదు. కోడలు దూరమైతే పొయ్యి దగ్గర కూర్చోవలసింది తానే. "పదైదు దినాలకే ఏంది మే ఇది? ఒళ్లు చెడింది నీకు" అని అశోకచెట్టు పట్ట కషాయం కాచి పంపింది, పూటకో గ్లాసు. ఆ కషాయం చేదు నాకు తెలుసు, వేలితో నాకి చూశాను. అమ్మ ఒక్క గుక్కలో తాగి, మూతి తుడుచుకుని, పేజీ తిప్పింది. పళ్లెం పెట్టడానికి పోయినప్పుడల్లా నాకు కత చెప్పేది, పెళ్లిపీటల మీంచి లేచి రైలెక్కి వెళ్లిపోయిన ఒక అమ్మాయి కత. చెబుతున్నంతసేపూ అమ్మ మొహం వేరేగా ఉండేది, ఎవరి అమ్మో అనిపించేది. నేనేమో అవ్వ వస్తుందేమోనని వెనక్కీ ముందుకీ చూస్తూ చచ్చేదాన్ని.

మూడోరోజు, గురువారం, తెల్లారేసరికి గాలి తిరిగింది. ఉత్తరం నుంచి ఒకటే ఈడ్పు. ఎన్నడూ మా ఇంటిదాకా వినపడని సముద్రం హోరు ఆవేళ పెరట్లోకి వినపడింది. వాయుగుండమని నాయన గొడ్లను విప్పి మిట్టకు తోలుకుపోయాడు. మధ్యాహ్నానికి సరుగుడుచెట్లు నేలకు వంగి లేస్తున్నాయి, కొబ్బరిమట్టలు వచ్చి వాకిట్లో పడుతున్నాయి. నేను పెరటి గడప పట్టుకుని నిలబడి పాకవైపే చూస్తున్నాను. ఒక్కో తాటాకు లేచి ఎగిరిపోతోంది. అమ్మ మూలకు ఒదిగి, పుస్తకాన్ని ఒళ్లో దాచుకుని, దానిమీద వంగి కూర్చుంది.

"అమ్మా, వచ్చెయ్యే!" అని అరిచాను. అమ్మ తలెత్తి చూసి, వద్దని చెయ్యి ఊపి, పెదాలమీద వేలు పెట్టింది.

దూరమైన మనిషిని అవ్వ గడప తొక్కనివ్వదు, నాకు తెలిసిన ధర్మం అంతే. నిజం చెబితే అమ్మ లోపలికి వస్తుంది, పుస్తకాలు పోతాయి. చెప్పకపోతే ఆ పాక అమ్మ మీద కూలుతుంది. పదేళ్ల బుర్రకు ఇంకో దారి కనపడలేదు. ఇంతలో పాకను మోసే నిట్రాడు ఫెళ్లుమంది. నేను వెనక్కి తిరుగుతూనే గొంతు చించుకున్నాను, "అవ్వా, అమ్మ దూరం కాదే! అబద్ధం! పుస్తకం కోసరం చెప్పింది!"

అప్పుడు చూశాను. అవ్వ నెత్తిన గోనెసంచి కప్పుకుని, చంకలో కంబళి పెట్టుకుని, నా పక్కనుంచి దాటుకుని ఒక కాలు అప్పటికే మెట్టుమీద వేసి ఉంది. నా మాట విని ఒక్క క్షణం ఆగి నావైపు చూసింది. "నోరు ముయ్యే! దూరమైతే మాత్రం, చావమని వదిలేస్తానా మనిషిని?" అని వానలోకి దిగింది. పాకలోకి పోయి, అమ్మ రెక్క పట్టుకుని బరబరా ఈడ్చుకొచ్చింది. వాళ్లు గడప దాటి ఎంతోసేపు కాలేదు, పాక మొత్తం కూలి చదునైంది.

పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అవ్వే అమ్మ తల తుడిచింది. తుడుస్తూ తుడుస్తూ, "పుస్తకం కోసరమా ఈ నాటకం?" అంది. అమ్మ నావైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, కోపం ఉన్నా బాగుండేది. అవ్వ ఆ నవలను అమ్మ చేతిలోంచి తీసుకుని అటకమీద పడేసింది. మామ వచ్చినప్పుడు తడిసి ఉబ్బిన ఆ పుస్తకం అతని చేతిలో పెట్టి, "ఇంక ఈ ఇంటికి పుస్తకం తేబాక నాయనా" అంది. మామ మళ్లీ తేలేదు. అమ్మకు అందులో ఇంకా పది పేజీలు మిగిలి ఉన్నాయి.

ఆ గాలికి పడిపోయిన కొట్టాన్ని నాయన మళ్లీ కట్టించాడు గానీ పాక కట్టించలేదు. ఆ మరుసటి నెల నుంచి అమ్మ మూడు రోజులూ వసారా చివర్న, అవ్వ కళ్ల ముందే. చింతపండు గింజలు తియ్యడం, కందులు బాగుచెయ్యడం, ఏదో ఒకటి ముందర పోసేది అవ్వ. అవ్వ పోయాక ఇంట్లో అమ్మదే పెత్తనం, అడ్డుచెప్పేవాళ్లు లేరు. నేను నెల్లూరు నుంచి నవలలు తెచ్చి చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "అలవాటు తప్పిపోయినాది మే" అని పక్కన పెట్టేసింది.

ఇప్పుడు ఆ పెరడు లేదు, అక్కడ రొయ్యల గుంట తవ్వారు. ఉప్పుకాలవ పూడిపోయింది. మా ఇంట్లో దూరం కూర్చునేవాళ్లు ఎవరూ లేరు, నా మనవరాలు ఆ రోజుల్లో కూడా సైకిలెక్కి కాలేజీకి పోతుంది. ఆ ఆచారం పోయినందుకు నాకు పీడా పోయిందనే ఉంది. ఆ మూడు రోజులు తప్ప మా అమ్మకు వేరే రోజులు లేకపోయాయి గదా అనేదే నా ఏడుపు.

నిరుడు అమ్మ పోయింది. బతికున్నన్నాళ్లూ, నేను నోరు విప్పి తనను కాపాడానని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేది. నేను చెప్పినా చెప్పకపోయినా అవ్వ ఆ పాకలోకి పోయేదే. ఆ సంగతి అవ్వ చెప్పే రకం కాదు, నేను చెప్పలేదు. చివరి వారం ఆస్పత్రిలో నర్సమ్మకు కూడా నన్ను చూపించి, "ఈ పిల్ల నాకు పానం పోసినాది తల్లీ. లేకుంటే ఆ పొద్దు పాక కిందనే పోయుండేదాన్ని" అంది. నర్సమ్మ వెళ్లిపోయాక అమ్మ నా చెయ్యి వదల్లేదు. అవ్వ అప్పటికే మెట్టు దిగుతోందమ్మా అని చెబుదామని నోరు తెరిచాను.

"మంచినీళ్లు తాగుతావా అమ్మా?" అని అడిగాను.