అమరవీరుల రాయి మీద లేని పేరు

మొన్నటి వరదకి గోదావరి నడుమనున్న మా లంక రేవు గట్టు కోసుకుపోతుంటే, అక్కడున్న అమరవీరుల రాయి తీసేసి ఊరి మధ్య కొత్తది వేయించాలని కుర్రాళ్లు పూనుకున్నారు. మిలటరీకి మనుషుల్ని పంపడం మా లంకకు తాతలనాటి ఆనవాయితీ. యుద్ధాల్లో పోయినవాళ్ల పేర్లన్నీ ఆ రాయి మీద ఉన్నాయని అందరూ అంటారు. అన్నీ లేవు. మా బాబాయి పేరు లేదు. లేకపోవడానికి కారకుల్లో నేనొకణ్ణి గనుక ఆ సంగతి నేనే చెప్పాలి.

కార్గిల్ యుద్ధం నాటికి బాబాయి సెలవు మీద ఇంటికొచ్చి ఉన్నాడు. వెంటనే రమ్మని టెలిగ్రాం అందేసరికి గోదావరి ఎర్రనీటితో పోటెత్తి, పడవలవాళ్లు కట్టుతాళ్లు విప్పడమే మానేశారు. రెండ్రోజులు ఆగమని ఎంత బతిమాలినా వినకుండా, అరటిగెలలు మోసే చిన్న నావ తానే వేసుకుని బయల్దేరాడు. నడిమికి చేరకుండానే అది సుడిలో తిరగబడింది.

తరవాత కొన్నాళ్లకు రాయి వేయించిన కమిటీలో నేనూ ఉన్నాను. బాబాయి పేరు మాటకొస్తే, "గోదారి తీసుకెళ్లినోళ్ల పేర్లు చెక్కడం మొదలెడితే రాయి చాలదండి, కొండ కావాలి" అన్నాను. అందరూ నవ్వారు. లంకలో పుట్టినవాళ్లకు నీళ్లలో చావు మామూలే. అది యుద్ధానికి వెళుతూ వచ్చిన చావని మాకెవరికీ తోచలేదు. ఏటా స్మరణ రోజున రాయి మీద పేరున్న ఇళ్లవాళ్లు మొదటి పడవెక్కి నడిగోదావరిలో బంతిపూలు వదులుతారు. పిన్ని గట్టునే నిలబడేది. నన్ను పల్లెత్తు మాట అనేది కాదు.

మొన్న కుర్రాళ్ల సమావేశంలో లేచి ఇదంతా చెప్పాను. "ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకండీ ఇవన్నీ తిరగదోడటం?" అన్నారొక పెద్దాయన. "డ్యూటీకెళ్తూ పోయారు కదండీ, ఇంకేం కావాలండి?" అంది కాలేజీలో చదివే ఒకమ్మాయి. ఆ మాటకు పెద్దాయన కూడా తలూపారు. కొత్త రాయి మీద బాబాయి పేరు ఎక్కింది.

ఈ ఏడు స్మరణ రోజున పిన్నిని చెయ్యిపట్టి మొదటి పడవ ఎక్కించబోతే, "ఆగరా, ఇన్నేళ్లూ కాళ్లు పీకేలా నించోబెట్టి ఇప్పుడు తొందరేంటి నీకు? చీర తడిసిపోద్ది!" అని కసిరింది. ఆ తిట్టు నాకు ఎంత చల్లగా తగిలిందో చెప్పలేను.

ఇప్పుడు లంకకు వంతెన ఉంది. పిల్లలు బళ్ల మీద ఏరు దాటి చదువులకు పోతున్నారు, పడవలు ఆ ఒక్కరోజుకే మిగిలాయి. రోజూ దాటిన మాకు ఏరంటే అలవాటైపోయింది. వంతెన పైనుంచి చూసేవాళ్లు గనుక కాబోలు, ఆ ఎర్రనీళ్లలోకి నావ తోయడానికి ఎంత గుండె కావాలో ఈ పిల్లలకే ముందు తెలిసింది.