ఇల్లు చేరని మేక

హెన్యాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. నలభై ఏళ్ళు బ్రూక్లిన్‌లో పెళ్ళయిన యూదు ఆడవాళ్ళకు విగ్గులు కుట్టింది. ఆ పని మానేశాక వేళ్ళు ఊరుకోనన్నాయి. తన పిల్లలు చదివి వదిలేసిన కథల పుస్తకాలను కూరల బండిలో పేర్చుకుని, చర్చి ఎవెన్యూలోని లాండ్రీకి తోసుకుపోవడం మొదలుపెట్టింది. మెషీన్లలో బట్టలు తిరిగినంతసేపూ అక్కడి పిల్లలకు తోచదు. బంగ్లాదేశ్ వాళ్ళో, మెక్సికో వాళ్ళో, ఉజ్బెక్ వాళ్ళో, ఎవరైతేనేం? చెవులుంటే చాలు.

మంగళవారం వస్తే ముందు చేరేది ఏడేళ్ళ నుజత్. ఆ రోజు మేక కథ. శుక్రవారం పొద్దుగూకి ఇంట్లో యూదుల విశ్రాంతి దినమైన సబ్బాతుకు దీపాలు వెలిగించేలోగా మేక ఇల్లు చేరాలి. దారిలో వాగు పొంగింది. సరిగ్గా అక్కడే పుస్తకం చేయి జారి నేలమీద పడింది. హెన్యా తీసి ముద్దుపెట్టుకుంది. దేవుడి పుస్తకం కింద పడితే అలా చెయ్యడం చిన్ననాటి అలవాటు. తన పిల్లలతో చేయించినట్టే, ఏమీ ఆలోచించకుండా నుజత్ పెదాల దగ్గర కూడా పెట్టింది. పిల్ల ముద్దుపెట్టింది.

తలెత్తేసరికి గుమ్మంలో నుజత్ తల్లి రాహేలా.

"పదవే, ఆలస్యమైంది" అని బట్టలు సంచిలో కుక్కి, పిల్ల చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ గాభరాలో పుస్తకం ఎటు పోయిందో కూడా హెన్యా చూసుకోలేదు.

తర్వాతి మంగళవారం వాళ్ళు రాలేదు. ఆ పై వారమూ రాలేదు.

"మేక పుస్తకంలో దేవుడి పేరుందా అక్కా?" అన్నాడు తమ్ముడు ష్లోయ్మె, సూప్ జుర్రుతూ. "లేదుగా! మరి దానికి ముద్దెందుకు? పోనీ, నువ్వు పెట్టుకున్నావు. ముసల్మానుల పిల్లతో కూడానా? రేపు వాళ్ళ నాన్నొచ్చి నిలదీస్తే ఏం చెప్తావ్?"

"నోరు మూసుకుని తాగు."

"మూసుకుని ఎలా తాగనే?"

ఆమెకు నవ్వు రాలేదు. ఒక పిల్లను కథకు దూరం చేశానన్న ఆలోచన చెప్పులో రాయిలా గుచ్చుకుంటోంది. క్షమాపణ మాటలు కూర్చుకుంటూ పనిలేకపోయినా బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లుండే మెక్‌డొనాల్డ్ ఎవెన్యూ దాకా నడిచేది. ఒకసారి చేపల కొట్టు దగ్గర రాహేలా కనబడింది. కనబడి, గిరుక్కున పక్క సందులోకి తిరిగిపోయింది. ఇంకేముంది, ఆ ముద్దుకే కోపమొచ్చిందన్న అనుమానం ఖాయమైపోయింది.

మూడో మంగళవారం హెన్యా కళ్ళు పుస్తకం మీద కన్నా తలుపు మీదే ఉన్నాయి.

"అమ్మమ్మా, ఈ పేజీ ఇందాకే చదివావ్!" అని ఉజ్బెక్ పిల్లాడు గోల పెట్టాడు.

అప్పుడే తలుపు తీసుకుని రాహేలా వచ్చింది. చేతిలో ఉతికిన ఓణీలో ఏదో మూట. వెనక, తల్లి కొంగు చాటున నుజత్.

"తప్పు నాదేనమ్మా" అంది హెన్యా, ఆమెను మాట్లాడనివ్వకుండా. "మీ పిల్లతో అలా ముద్దు పెట్టించకూడదు."

"ముద్దా?" రాహేలా తెల్లబోయింది. "మా ఇంట్లో పుస్తకం కింద పడితే కాళ్ళతో తంతామనుకున్నారా ఆంటీ?"

మూట విప్పింది. లోపల ఉబ్బిపోయిన అట్ట, ఒకదానికొకటి అంటుకుపోయిన కాగితాలు. మేక కొమ్ములు మాత్రం ఆనవాలు తెలుస్తున్నాయి.

"మిగతా కథ కోసమని ఇది పుస్తకాన్ని సంచిలో దాచి తెచ్చింది. చదివేలోపే దీని తమ్ముడు స్నానాల తొట్టిలో ముంచాడు. ఆరబెట్టాను, ఇస్త్రీ కూడా చేశాను. అట్ట మీద మీ యూదుల అక్షరాలున్నాయి, దేవుడి పుస్తకమేమోనని చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. ఇక్కడికి రావడానికి మొహం చెల్లలేదు."

"ఉత్త మేక కథేనమ్మా. చెత్తలో వేసినా పాపం రాదు" అంది హెన్యా. అంటూనే మూట మళ్ళీ కట్టి బండి అడుగున పెట్టుకుంది. ష్లోయ్మె చూస్తే ఇంకో వారం ఏడిపిస్తాడు.

"నానూ," అని తమ భాషలో అమ్మమ్మను పిలిచినట్టు పిలిచి నుజత్ తల బయటపెట్టింది. "మేక వాగు దాటిందా?"

ఇంకో ప్రతి లేదు. అది అచ్చులో లేక చాలా కాలమైంది.

"బొమ్మలుండవు. వింటావా?"

పిల్ల అప్పటికే ముందు వరసలో ఉంది. హెన్యా కుర్చీలోంచి లేచి, తిరుగుతున్న మెషీన్ల మధ్య మేకలా అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది.

"పొద్దు ఇంకా ఎంతుంది?" అని అడిగింది నుజత్.

"కొంచెమే" అంది హెన్యా, అడుగు వేగం పెంచుతూ.