కొమురయ్య కాక స్టూలు

నేను హనుమకొండలో ఒక ప్రభుత్వ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరిన కొత్తలో ఫైళ్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, రికార్డు రూమ్ ఎత్తేశారు. ఏళ్లుగా ఆ గదిని చూసుకున్న అటెండర్ కొమురయ్య కాకే ఆ కట్టలన్నీ మోసుకొచ్చి స్కానింగుకు అందించాడు.

మేమంతా మారబోయే కొత్త హాల్లో ఎవరి సీటు ఎక్కడో ప్లాన్ గీసే పని నాది. మొదటి రోజు పొద్దున దాన్ని గోడకు అంటించాను. అందరూ పేర్లు చూసుకుని వెళ్లి కూర్చున్నారు. కాక మాత్రం ఒక్కో పేరు మీద వేలు జరుపుతూ అక్కడే నిలబడ్డాడు. ఏ ఫైలు అడిగినా నిమిషంలో తీసిచ్చే మనిషి!

"జర నువ్వు చూడు బిడ్డా, నా కండ్లకు కనవడ్తలేదు," అన్నాడు.

నేనూ పైనుంచి కిందిదాకా చూశాను. వాటర్ క్యాన్‌కు సైతం చోటు గీసిన నేను, ఆయన పేరు రాయనే లేదు.

"ప్రింట్‌లో పోయింది కాకా," అని అబద్ధమాడి, పెన్నుతో ఓ మూల రాశాను.

"గంతేనా! నా కండ్లే పోయినయనుకున్న," అని నవ్వాడు.

పేరైతే రాశాను కానీ, ఆ మూల కుర్చీ లేదు. కాసేపటికి ఖాళీ రికార్డు రూమ్ నుంచి తన పాత స్టూలు తానే మోసుకొచ్చుకున్నాడు.

ఇప్పుడు కాక రిటైరైపోయాడు. ఆ రోజు నిజం ఒప్పుకునే ధైర్యం ఉంటే, కనీసం ఆ స్టూలైనా నేను మోసి ఉండేదాన్ని.