అవ్వ పిడికిట్లో పద్నాలుగు ముడులు

మా చిన్నప్పుడు పద్నాలుగు ప్రశ్నలుండేవి... వాటికి పుస్తకంలో ఉన్నట్టే జవాబులు అప్పజెప్పినవాళ్లకే బాప్తీస్మం. మా అవ్వ బాలమ్మ ఆ పరీక్ష రెండేళ్లు వరుసగా తప్పింది!

నారాయణపేటకు మూడు కోసుల దూరం మా ఊరు. మా వాడలో ఇంటింటా గుంట మగ్గమే, నేసేవాళ్లు గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసేవాళ్లు. మగ్గం ముందు అవ్వకు సాటి లేదు... అక్షరం ముక్క మాత్రం రాదు.

పరీక్షకు తయారు చేసేది మా పంతులు. ప్రార్థన గుడిసెలో వాక్యం చెప్పేదీ, హాజరు వేసేదీ ఆయనే. "రక్షణ ఊర్కె రాదు! కష్టపడి సంపాయించుకోవాలె!" అని ప్రతి ఆదివారం బెత్తంతో గోడ మీద కొట్టి మరీ చెప్పేవాడు. ఆయన మనవలు ఇప్పుడు ఈ ఫేస్‌బుక్‌లోనే ఆయన్ను మహాభక్తుడని రాస్తున్నారు. రాసుకోనీ... నేనూ రాస్తాను.

నెలకోసారి రొట్టె ఆదివారం. ప్రభువు బల్ల దగ్గర రొట్టె పంచే వేళకు బాప్తీస్మం లేనివాళ్లు లేచి బయటికి పోవాలి. అరవై దాటిన అవ్వ పిల్లలతో పాటు ఎండలో బండ మీద కూర్చునేది. లోపల కోడళ్లు, బయట అత్త!

"గా రొట్టె ముట్టకుండనే సస్తనేమోరా," అన్నది ఒకనాడు నాతో. నవ్వుతూనే అన్నది... కానీ కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. "నేను నేర్పుతనవ్వా!" అన్నాను.

అవ్వ వేళ్లకు బూడిద అద్దుకుని కొత్త పోగుల కొసలు పాత పోగులకు అతికేది. నేను పక్కన కూర్చుని ఒక్కో పోగుకు ఒక్కో జవాబు చెప్పేవాణ్ని. పోగు అతుక్కునేసరికి జవాబూ అతుక్కునేది! నెల తిరిగేసరికి పద్నాలుగూ వచ్చేశాయి. "పరీక్షల నా ముంగట మగ్గముండదు గదరా," అని తనే ఒక దారానికి పద్నాలుగు ముడులు వేసుకుంది. ముడి తడిమితే చాలు, జవాబు పలికేది. అబ్బ... పరీక్ష ముందు వారమంతా నాకు అన్నం సయించలేదు!

పరీక్ష రోజు పొద్దున్నే పట్నం నుంచి పెద్ద అయ్యగారు ఎడ్లు కట్టిన కచ్చడం బండిలో వచ్చారు. ప్రశ్నలు అడిగేదీ, నీళ్లలో ముంచి బాప్తీస్మం ఇచ్చేదీ ఆయనే. వాగు ఒడ్డున వాడంతా చేరింది. డప్పులు, పాటలు, తెల్లబట్టలు... తెల్లచీరలో అవ్వ, పిడికిట్లో దారం!

ఒకటో ప్రశ్నతో మొదలుపెడతారనుకున్నాను. ఆయన ఏకంగా ఐదోది అడిగారు. "అమ్మా, రక్షణ అంటే ఏమిటి?"

అవ్వ మొదటి ముడి తడిమింది. "దేవుడు నన్ను చేసెను!" అంది గట్టిగా.

అందరూ నవ్వారు. నేను ఆగలేకపోయాను... "అవ్వా, అది మొదటి ముడి! ఐదోది పట్టు!" అని అరిచాను.

అంతే! పంతులు ఉరికొచ్చి అవ్వ పిడికిలి విప్పదీశాడు. దారం పైకెత్తి చూపించాడు. "చూసిన్రా అయ్యగారూ! తాయత్తు! ముసల్ది యేసయ్య ముంగట మంత్రాల దారం పట్టుకొచ్చింది!"

నవ్వులు ఆగిపోయాయి. అవ్వ మాత్రం చెయ్యి చాపి ఆ దారం తీసేసుకుంది.

"తాయత్తు గాదు పంతులూ, నా మతిమరుపు. అయ్యగారూ, బుక్కుల మాట నాకు యాదికస్తలేదు. నాకు తెల్సింది చెప్పాల్నా?"

"చెప్పమ్మా," అన్నారాయన.

"పోగు తెగుతది. ఎంత మంచి పోగైనా తెగుతది. తెగింది తనంత తాను అతుక్కోదయ్యా. దూరంగ తెగిందనుకో, నేసేటోడు గుంటలకెల్లి లేచి రావాలె. వంగి, రెండు కొసలు ఏరుకోని, తన చేత్తోని అతకాలె. నాకు గదే రక్షణ."

పంతులు ఊరుకుంటాడా! "మరి పోగు ఏం జెయ్యదా? కష్టపడకుంటనే రక్షణొస్తదా?"

"తెగిపడ్డది ఏం జేస్తది పంతులూ?" అంది అవ్వ. "అతికినంక జెయ్యాలె. నేతల నిలవడాలె. లేకుంటె చీరెట్లయితది?"

అయ్యగారు ఇంకో ప్రశ్న అడగలేదు. చెప్పులు విడిచి వాగులోకి దిగి చెయ్యి చాపారు. "రా తల్లీ!"

డప్పు మోగింది చూడండి... నేను ఒడ్డున ఎగిరిన ఎగురుడుకు లాగు జారిపోయింది!

తర్వాత నేను చాలా చదివాను. కృప మీద, విశ్వాసం మీద, క్రియల మీద పండితులు కొట్టుకున్న లావుపాటి గ్రంథాలు కళ్లు పోయేదాకా చదివాను. దేవుడే దిగి రావాలనీ, మంచితనం ఆ తర్వాతి సంగతనీ వాళ్లు వందల పేజీల్లో తేల్చారు. మా అవ్వ వాగు ఒడ్డున నిలబడి తేల్చింది. పంతులుకు మాత్రం చచ్చేదాకా తెలియలేదు. ఇది నేను ఆయన బతికుండగానే ఆయన ముఖం మీద చెప్పాల్సింది... చెప్పలేదు. ఆ కసి ఇంకా ఉంది.

ఆ నెల రొట్టె ఆదివారం అవ్వ లోపలే కూర్చుంది, అందరికంటే ముందు వరుసలో! పళ్లెం తెచ్చింది పంతులే. ఏరి ఏరి గోరంత ముక్క ఆమె చేతిలో పెట్టాడు.

అవ్వ దాన్ని చూసింది. ఆయన్ను చూసింది. "జర పెద్దది పెట్టు పంతులూ... శాన ఏండ్ల సంది ఆకలిగున్న."

ఇప్పుడు మా ఊళ్లో ఆ గుడిసె లేదు. నున్నటి రాళ్లు పరిచిన పెద్ద మందిరం, లోపల మైకులు, ఫ్యాన్లు. చిన్నపిల్లలు కూడా జవాబులన్నీ గడగడా చెప్పేస్తారు, ఎవర్నీ బయట కూర్చోబెట్టరు. సంతోషమే... కానీ రొట్టె తీసుకునే ముఖాల్లో అంత ఆకలి నాకు మళ్లీ కనబడలేదు.

మీ అవ్వలు, తాతలు దేవునితో ఏ భాషలో మాట్లాడేవాళ్లు? కింద రాయండి... పంతులు మనవలు కూడా రాయొచ్చు, జవాబులు నా దగ్గర ఇంకా ఉన్నాయి.