చలికి కొన్న ఏసీ

మా పాత ఏసీ మే నెల నడిమధ్యలో ప్రాణం వదిలింది. కంప్రెసర్ పోయిందని, బాగుచేయించే బదులు కొత్తది కొనడమే నయమని మెకానిక్ చెప్పగానే నేను లోలోపల సంతోషించాను. మాడు పగిలే ఎండలో ఏసీ చెడిపోతే సంతోషించిన ఇల్లాలు ఈ ఆసిఫాబాద్‌లో నేనొక్కదాన్నే అయి ఉంటాను. నా గొడవంతా చలికాలం గురించి మరి.

మా ఆయన ముప్పై ఏళ్లు బొగ్గుబాయిలో సర్దారుగా పనిచేశాడు. బాయి అంటే మా దగ్గర గని. షిఫ్టు మొదలయ్యే ముందు అందరికంటే ముందు దిగి, లోపల గాలి బాగుందో లేదో చూసి, బాగుందంటేనే మిగతావాళ్లను పనికి పంపే ఉద్యోగం. రిటైరయ్యాక కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడ రెండు గదుల ఇల్లు కట్టుకున్నాం. ఇక్కడి చలి పగబట్టినట్టు వస్తుంది. దీపావళి వెళ్లిందంటే నా మోకాళ్లు మొరాయిస్తాయి. అందుకని ఆయన రోజూ పొద్దు గూకే వేళ పెరట్లో బొగ్గుల కుంపటి ముట్టించి, పొగ తగ్గాక గదిలోకి తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టేవాడు. కిటికీ జానెడు తెరిచి ఉంచేవాడు.

ఆ కుంపటి ఊదుతున్నంతసేపూ దగ్గేవాడు. ముప్పై ఏళ్లు బొగ్గు దుమ్ము తాగిన ఛాతీ అది. పొగ దగ్గరికి పోతే ఈ ఊపిరితిత్తులు ఎక్కువ రోజులు రావని కరీంనగర్‌లో డాక్టరు నా ముందే చెప్పాడు. "గాయిన ఎన్నడన్న బాయిల దిగిండా? నా ఛాతి సంగతి నాకు చెప్తడా" అన్నాడు ఈయన బయటికొచ్చి. పెరట్లో ఆయన దగ్గుతుంటే, దుప్పటి కప్పుకుని లోపల కూర్చున్న నాకు నా మోకాళ్ల మీద నాకే అసహ్యం పుట్టేది. వాటికోసం ఈ మనిషిని పోగొట్టుకుంటానా అని భయమేసేది.

అందుకే ఎండాకాలం చల్లదనం, చలికాలం వేడి, రెండూ ఇచ్చే ఏసీ కొందామన్నాను. మా ఆయన పకపకా నవ్వాడు.

"బొగ్గు తవ్వినోని ఇంట్ల సలికి మిషనా? నలుగురు ఇంటే ఏమంటరే?"

"నలుగురు నా మోకాళ్లు పిసుకుతరా?"

"నేను కుంపటి పెడ్తున్న గద. సల్లగాలి ఇచ్చేది కొను, చాలు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నీ దగ్గు కోసమయ్యా అని నేను చెప్పలేదు. చెబితే నాకేమైందని పంతానికి ఇంకో కుంపటి ముట్టించే రకం.

ఏ వస్తువైనా పుట్టింటి ఊళ్లోనే కొనాలని నాకో పిచ్చి. ఆయన్ను వెంటబెట్టుకుని కరీంనగర్ వెళ్లాను. దుకాణాయన కూడా మొదట ఆయన పక్షమే. "మనదిక్కు వేడి ఏసీ ఎవరు కొంటరమ్మా? మామూలుది తీస్కొని, సలికి ఒక రూం హీటర్ పెట్టుకోరాదుండ్రి" అన్నాడు. హీటర్ సంగతి నాకు తెలుసు. మా చెల్లెలింట్లో ఉంది. గొంతు పిడచకట్టిస్తుంది, కరెంటు తాగేస్తుంది. అదే మాటంటే దుకాణాయన ఒప్పుకున్నాడు.

"హీటర్ కరెంటుతోని ఎచ్చ పుట్టిస్తది. గీ మిషన్ పుట్టియ్యదు, మోస్తది. ఎండకాలం ఇంట్ల ఎచ్చను బయట పారేస్తది. సలికాలం ఉల్టా. బయటి ఎచ్చను గుంజి లోపట పోస్తది. అందుకే కరెంటు తక్కువ."

మా ఆయన అప్పటిదాకా కూలర్ల వైపు చూస్తున్నవాడు ఇటు తిరిగాడు. "బయటనే సలి ఉంటే ఎచ్చ ఏడికెళ్లి వస్తది?"

"ఎంత సలిల అయినా జరంత ఎచ్చ ఉంటది కాకా. దాన్నే ఏరుకొస్తది."

ఈయన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "బాయిల అగ్గి పుడితే, పైన పెద్ద ఫ్యాను ఉంటది, దాన్ని ఉల్టా తిప్పుతరు, లోపలోళ్ల పాణాలు దక్కాలని. గట్లాంటిదా?"

"గట్లాంటిదే అనుకో."

అంతే, మనిషి మారిపోయాడు. రిమోటుకు కారం రంగు కవరు కూడా తనే ఎంచాడు. నేను అన్ని రోజులు మొత్తుకున్నది పోయి, ఒక ఫ్యాను మాటతో పని అయిపోయింది. మగవాళ్లతో ఎట్లా వేగాలో దేవుడికే తెలియాలి.

ఎండాకాలం బాగానే గడిచింది. చలికాలం మొదలై మిషన్‌ను వేడి మీద పెట్టాక అసలు కథ వచ్చింది. గది వెచ్చబడదే! మిషన్ ఆగకుండా తిరుగుతూనే ఉంది, నా మోకాళ్లు సలుపుతూనే ఉన్నాయి. నాలుగు రోజులు చూసి ఆయన అన్నాడు, "ఇగ చాలు, పరేషాన్ గాకు. రేపటిసంది కుంపటి తీస్త." కుంపటి మాట వినగానే నేను దుకాణానికి ఫోన్ చేసి నానా మాటలు అన్నాను.

మంచిర్యాల నుంచి నడివయసు మెకానిక్ ఒకాయన వచ్చాడు. మూత విప్పి చూశాడు, బయటి డబ్బా చూశాడు. అంతా బాగానే ఉందన్నాడు. చివరికి పరదా పక్కకు జరిపి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏందమ్మా, ఊరందరికి ఎచ్చ జేస్తున్నరా?"

పరదా వెనక కిటికీ జానెడు తెరిచి ఉంది. మూసుకుపోకుండా చెక్కముక్క కూడా దోపి ఉంది.

"నీ ఇల్లు బంగారం గాను! పాపం దుకాణపాయనను నాతోని తిట్టించినవ్ గదనయ్యా" అని మా ఆయన మీద విరుచుకుపడ్డాను. మెకానిక్ నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. మా ఆయన మాత్రం నవ్వలేదు. మంచం అంచున కూర్చుని చేతులు చూసుకుంటూ అన్నాడు.

"ఒకపారి బాయిల, మూసేసిన పాత తోవల ఇద్దరు కూసున్నరు. నిద్రవోయిన్రు అనుకున్న. లేపితే లేవలే. మోసుకొచ్చినం. ఒక్కడే లేచిండు."

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఈ మాట ఆయన నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

"గీ మిషన్ల నిప్పు లేదయ్యా, పొగ లేదు. గాలి ఎందుకు చెడ్తది?"

"నాకెరుకే. గాని మూసిన గదిల నువ్వు పండుకుంటే, నేను కండ్లెట్ల మూస్త?"

అరిచినందుకు సిగ్గేసింది. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చెప్పేశాను, ఈ మిషన్ నా మోకాళ్ల కోసం కాదని, నీ దగ్గు వినలేక కొనిపించానని, నువ్వు లేకుండా నేను బతకలేనని. అంత మాట ఒకరితో ఒకరం ఎన్నడూ అనుకోలేదు మేము. కిటికీ తెరిచే ఉంచుదాం, రెండు దుప్పట్లు కప్పుకుంటా, కుంపటి మాత్రం వద్దని బతిమాలాను. ఆయన లేచి వెళ్లి, చెక్కముక్క తీసి, కిటికీ మూశాడు.

మర్నాడు పాలవాడి కేకకు మెలకువ వచ్చింది. గది వెచ్చగా ఉంది. కాళ్లు కదిపితే మోకాళ్లు నొప్పి లేకుండా ముడుచుకున్నాయి. మంచం పక్కన కుర్చీలో ఆయన, కళ్లు ఎర్రగా, దుప్పటి భుజాల మీద వేసుకుని కూర్చుని ఉన్నాడు.

"పండుకోలేదా? ఏం జేస్తున్నవ్?"

"నీ ఊపిరి చూసుకుంట కూసున్న."

"రాత్రంతనా?"

"మంచిగనే ఆడుతున్నది" అన్నాడు. అని, తనిఖీ ముగిసినట్టు కుర్చీలోంచి లేచి, నేను వదిలిన వెచ్చటి జాగాలో పడుకున్నాడు. కిటికీ మూసే ఉంది. దగ్గు వస్తుందేమోనని నేను అదే కుర్చీలో కూర్చుని వింటూ ఉన్నాను. తొమ్మిది గంటల దాకా రాలేదు.